బతుకమ్మ ఆటలో పాల్గొనేవారి సృజన: మంఖాల్, శంషాబాద్ పరిసరాల నేపథ్యంలో ఒక భాగస్వామ్య కళారూప చరిత్ర

వ్యాస సంగ్రహం:

చూసేవారిని కళాసృష్టిలో భాగస్వాములను చేసే రూపకల్పనను ఆధునిక కళాచరిత్ర 20వ శతాబ్ది ద్వితీయార్ధపు పరిణామంగా వివరిస్తుంది. తెలంగాణ పల్లెలలో స్త్రీలు తరతరాలుగా ఆడుతున్న బతుకమ్మలో ఆ రూపకల్పనకు మూలమైన సూత్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. పూల పేర్పు, పాట, అడుగు, నిమజ్జనం అనే నాలుగు అంగాలలోనూ పాల్గొనేవారు నింపవలసిన ఖాళీ ఒకటి ఉంటుంది. ఉద్యమ కాలంలో ఆ ఖాళీలలోకి కొత్త విషయం ప్రవేశించింది. 2014 తరువాత రాష్ట్ర పండుగగా ఎదిగిన క్రమంలో పాల్గొనేవారి సంఖ్య పెరిగినా, కొన్ని వేదికల మీద ఆ ఖాళీలు మూసుకుపోయాయి. నగరం విస్తరిస్తున్న మంఖాల్ వంటి ఊళ్లలో ఆటకు కావలసిన పువ్వు, నేల, నీరు తగ్గుతున్నాయి. ఈ పరిణామాన్ని రూపకల్పన దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: బతుకమ్మ, బొడ్డెమ్మ, భాగస్వామ్య కళ, ఆట, రూపకల్పన, జానపద గేయం, మంఖాల్, శంషాబాద్.

1. ఉపోద్ఘాతం

బతుకమ్మపై తెలుగులో వచ్చిన పరిశోధన ప్రధానంగా మూడు దారులలో సాగింది. పండుగ పుట్టుకను తెలిపే కథలను సేకరించి చర్చించడం మొదటిది. పాటలను సేకరించి వర్గీకరించడం రెండవది. తెలంగాణ అస్తిత్వానికి ప్రతీకగా పండుగను వివరించడం మూడవది. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన 1958లో 'తెలుగు జానపద గేయ సాహిత్యము'గా గ్రంథరూపం పొందిన నాటి నుంచి స్త్రీల పాటల అధ్యయనానికి గట్టి పునాది ఏర్పడింది.

ఈ మూడు దారులలోనూ బతుకమ్మను ఒక 'పాఠం'గానో, ఒక 'ప్రతీక'గానో చూడడం జరిగింది. వ్యవహారంలో మాత్రం స్త్రీలు బతుకమ్మను 'ఆడతారు'. 'బతుకమ్మ ఆడబోతున్నాం' అనే మాటలోని క్రియ గమనించదగినది. మొక్కడం, చూడడం, వినడం అన్నీ ఆడడంలోనే ఇమిడి ఉన్నాయి. ఈ ఆట ఎలా రూపొందింది? కళాకారిణిగా ఎలాంటి శిక్షణా లేని స్త్రీ తొలిరోజే ఇందులో ఏదో ఒకటి సొంతంగా చేయగలగడానికి కారణమేమిటి? ఆ వీలు ఏ పరిస్థితులలో పెరిగింది, ఏ పరిస్థితులలో తగ్గింది? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడానికి మంఖాల్, శంషాబాద్ పరిసరాలు తగిన నేపథ్యం. రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలానికి చెందిన మంఖాల్ మెట్ట వ్యవసాయపు గ్రామీణ తెలంగాణకూ, విమానాశ్రయం చుట్టూ పెరుగుతున్న మహానగరానికీ నడుమ ఉన్న ఊరు. బతుకమ్మ ఆట ఏయే వనరుల మీద ఆధారపడి ఉందో ఇటువంటి చోటనే స్పష్టంగా తెలుస్తుంది.

2. భావనా నేపథ్యం: ఆట, నియమం, ఖాళీ

డచ్ చరిత్రకారుడు యోహాన్ హైజింగా 1938లో వెలువరించిన 'హోమో లూడెన్స్' గ్రంథంలో సంస్కృతికి ఆట మూలమని ప్రతిపాదించాడు. ఫ్రెంచి రచయిత రోజే కయ్వా 1958లో ఆటలను వర్గీకరిస్తూ, ప్రతి ఆటా రెండు కొసల మధ్య నిలుస్తుందని చెప్పాడు. కట్టుబాటు లేని ఉల్లాసం ఒక కొస అయితే, నియమాల చేత క్రమబద్ధమైన నైపుణ్యం మరొక కొస. ఇటాలియన్ తాత్త్వికుడు ఉంబెర్తో ఎకో 1962లో ప్రచురించిన గ్రంథంలో 'తెరిచిన కృతి' అనే భావనను ముందుకు తెచ్చాడు. కర్త ఒక చట్రాన్ని మాత్రమే ఇచ్చి, పూర్తిచేసే పనిని గ్రహీతకు విడిచిపెట్టే కృతులు అతని చర్చకు ఆధారం.

కళారంగంలో ఇదే కాలంలో ప్రయోగాలు మొదలయ్యాయి. ఎలన్ కాప్రో 1959లో న్యూయార్క్‌లో నిర్వహించిన 'ఆరు భాగాలలో 18 హ్యాపెనింగ్స్'లో, వచ్చినవారికి ఎప్పుడు ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు కదలాలో తెలిపే సూచనలు ఇచ్చాడు. బ్రెజిల్ కళాకారిణి లీజియా క్లార్క్ 1960లో లోహపు పలకలను మడతబందులతో కలిపి 'బిషోస్' అనే శిల్పాలను రూపొందించింది. చేతులలోకి తీసుకుని మడిచి, విప్పి, కొత్త ఆకారం ఇచ్చేవారు ఉన్నప్పుడే ఆ శిల్పాలు పూర్తవుతాయి. తరువాతి కాలంలో అవి విలువైన సంగ్రహాలుగా మారి, ముట్టుకోరాని వస్తువులయ్యాయి. ప్రదర్శనశాలలు సందర్శకుల చేతికి నకళ్లు ఇవ్వవలసి వచ్చింది. ఆడుకోవడానికి పుట్టిన కళ చూడడానికే మిగిలిపోయే ప్రమాదాన్ని ఈ ఉదంతం తెలియజేస్తుంది. బతుకమ్మ చరిత్రను చదవడానికి ఇది ఉపకరిస్తుంది.

ఈ చర్చకు తెలుగు సాహిత్యంలోనే ఒక దగ్గరి పోలిక ఉంది. సమస్యాపూరణంలో ఇచ్చిన పాదం మారదు, ఛందస్సు మారదు. మిగిలిన మూడు పాదాలు పూరించేవారివి. ఆ కట్టుబాటు లేకపోతే పూరణలోని చమత్కారమే లేదు. బతుకమ్మలోనూ నియమం, ఖాళీ ఈ విధంగానే జంటగా పనిచేస్తాయి. ఈ వ్యాసంలో 'ఖాళీ' అన్న మాటను ఈ అర్థంలోనే వాడడం జరిగింది. సంప్రదాయం స్థిరపరచిన చట్రంలో, పాల్గొనే వ్యక్తి తన నిర్ణయంతో నింపవలసిన చోటు అని దాని అర్థం.

3. పేర్పులోని స్వేచ్ఛ

బతుకమ్మను తాంబాలంలో గాని, సిబ్బిలో గాని పేరుస్తారు. అడుగున గుమ్మడి ఆకులు పరచి, వాటి అంచున పూలను వలయంగా అమర్చి, నడుమ ఆకులతో, తరిగిన కాడలతో నింపుతారు. ఆ వలయంపై కాస్త చిన్న వలయం, దానిపై మరింత చిన్న వలయం చొప్పున పైకి సాగి గోపురం ఆకారం ఏర్పడుతుంది. శిఖరాన గుమ్మడి పువ్వును, పసుపుతో చేసిన గౌరమ్మను నిలుపుతారు. తంగేడు, గునుగు, బంతి, చామంతి, కట్ల, రుద్రాక్ష, సీతజడ పూలు ఇందులో చేరుతాయి. గునుగు కొసలను కోసి, కట్టలు కట్టి, రంగునీళ్లలో ముంచి వాడడం తెలిసిన పద్ధతే.

ఇందులో స్థిరమైనవి మూడు: వృత్తాకారపు ఆధారం, పైకి పోయేకొద్దీ సన్నబడడం, శిఖరాన గౌరమ్మ. రంగుల క్రమం, వలయాల సంఖ్య, ఏ పువ్వు ఎంత అనే లెక్క, ఎత్తు మాత్రం పేర్చేవారి ఇష్టం. పెరట్లో ఏ పువ్వు పూసిందో, చేను గట్టు మీద ఏది దొరికిందో దానిని బట్టి ప్రతి ఇంటి నిర్ణయం మారుతుంది. అందువల్ల ఒకే వాడలో ఒకే సాయంత్రం పేర్చిన పది బతుకమ్మలు పది రకాలుగా ఉంటాయి. పక్కపక్కన దించినప్పుడు ఎవరిది ఎలా కుదిరిందో అందరికీ కనిపిస్తుంది. పోల్చుకోవడం, మెచ్చుకోవడం, మరుసటి రోజు మరొక విధంగా ప్రయత్నించడం సహజంగా జరుగుతాయి. విజేతను ప్రకటించే అవసరం లేని పోటీ ఇది.

ఎత్తు విషయంలో పేర్చేవారికి స్వేచ్ఛ ఉన్నా, దానికి శరీరమే హద్దు. పేర్చిన బతుకమ్మను ఆడే చోటుకూ, అక్కడి నుంచి చెరువుకూ తలపైన గాని, చేతులలో గాని మోసుకుపోవాలి. ఎంత ఎత్తు పెంచినా నడకలో చెదరకూడదు. గునుగు కాడల బిగువు, అడుగు వలయం వెడల్పు, మోసే మనిషి బలం కలిసి పరిమాణాన్ని నిర్ణయిస్తాయి. మనిషి మోయగలిగినదే కళావస్తువు కొలత. తరువాతి కాలంలో వచ్చిన మార్పులను అంచనా వేయడానికి ఈ కొలత కీలకం.

4. పాట, అడుగు

బతుకమ్మ పాటలో ఒకరు చరణం ఎత్తుకుంటే మిగిలినవారు పల్లవి పదాన్ని అందుకుంటారు. 'ఉయ్యాలో', 'వలలో', 'చందమామ' వంటి ఊతపదాలు చరణం చివర ఆవృత్తమవుతాయి. సాహిత్య దృష్టితో చూస్తే ఇవి అర్థభారం లేని పదాలుగా తోస్తాయి. రూపకల్పన దృష్టితో చూస్తే రెండు పనులు చేస్తాయి. పాట ఏమాత్రం తెలియని మనిషికి కూడా తొలి ఆవృత్తంలోనే గొంతు కలిపే వీలు కల్పించడం మొదటి పని. బృందం ఊతపదం పలుకుతున్నంత సేపు, ఎత్తుకున్న స్త్రీకి తరువాతి చరణం గుర్తుకు తెచ్చుకునే, లేదా అప్పటికప్పుడు కట్టే వ్యవధి ఇవ్వడం రెండవ పని. ఆల్బర్ట్ లార్డ్ 1960లో 'ది సింగర్ ఆఫ్ టేల్స్'లో మౌఖిక గాయకుల కథన పద్ధతిని వివరిస్తూ, స్థిరమైన పదబంధాలు అప్పటికప్పుడు జరిగే రచనకు ఎలా తోడ్పడతాయో చూపాడు. బతుకమ్మలోని ఊతపదం ఆ సూత్రాన్ని బృందగానానికి వర్తింపజేస్తుంది.

ఈ వెసులుబాటు వల్లనే పాటలోకి ఎంతో విషయం వచ్చి చేరింది. ధర్మాంగదుడు, సత్యవతుల సంతానంగా బతుకమ్మ పుట్టిన కథ, రామాయణ ఘట్టాలు, అత్తింటి కష్టాలు, అన్నదమ్ముల రాక కోసం ఎదురుచూపు, ఊరిలో జరిగిన సంగతులు ఒకే బాణీలో ఒదుగుతాయి. ఎత్తుకునే స్త్రీ స్థానం కూడా స్థిరం కాదు. ఒకరు అలసిపోతే మరొకరు అందుకుంటారు.

అడుగు సంగతీ ఇంతే. చప్పట్లు చరుస్తూ, ముందుకు వంగి లేస్తూ, వలయంగా కదలడం మూలమైన నడక. చిన్నపిల్లలు, వృద్ధులు తమకు చేతనైన వేగంతో చేరవచ్చు. వలయానికి ముందు వరుస, వెనుక వరుస ఉండవు. మధ్యలో చేరినా, మధ్యలో తప్పుకున్నా ఆట చెదరదు. పాల్గొనేవారు సులభంగా ప్రవేశించి సులభంగా నిష్క్రమించే వీలు నేటి భాగస్వామ్య కళలో ఆశించే గుణం. వలయాకారం ఆ గుణాన్ని ఎవరి సూచనా అవసరం లేకుండానే ఇస్తుంది.

5. బొడ్డెమ్మ నుంచి సద్దుల దాకా: అభ్యాస క్రమం

బతుకమ్మకు ముందు భాద్రపద మాసంలో కన్నెపిల్లలు బొడ్డెమ్మ ఆడతారు. మట్టితో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి, జాజుతో అలికి, ముగ్గుతో, పూలతో అలంకరిస్తారు. మట్టి మెట్లలో ఆడపిల్ల చేతికి అలవాటైన గోపురాకారమే తరువాత పూలలో ప్రత్యక్షమవుతుంది. తక్కువ పాటలతో, తోటి పిల్లల మధ్య నేర్చుకున్నది పెద్దల వలయంలో విస్తరిస్తుంది. ప్రత్యేకంగా బోధించే గురువు లేకుండా తరతరాలుగా ఈ విద్య అందడానికి ఈ క్రమం ఒక కారణం.

బతుకమ్మ తొమ్మిది రోజులకూ ఇటువంటి అమరికే ఉంది. భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మలుగా సాగి, ఆరవ రోజున 'అలిగిన బతుకమ్మ' పేరుతో విరామం వస్తుంది. వేపకాయల, వెన్నముద్దల బతుకమ్మల తరువాత ఆశ్వయుజ శుద్ధ అష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. వేములవాడ ప్రాంతంలో ఏడవ రోజునే సద్దులు జరుపుకునే ఆనవాయితీ ఉంది. ఈ వంటి భేదాలు పండుగ చట్రంలోనే స్థానిక నిర్ణయానికి చోటు ఉందని తెలుపుతాయి.

ఏ రోజు బతుకమ్మను ఆ రోజే నీటిలో విడుస్తారు. దీని వల్ల ఏ పేర్పూ శాశ్వతం కాదు. ఈరోజు వంకరపోయినది రేపు సరిచేసుకోవచ్చు. కొత్త రంగుల కలయికను ప్రయత్నించి విఫలమైనా నష్టం ఒక సాయంత్రమే. వైఫల్యానికి చెల్లించవలసిన మూల్యం తక్కువగా ఉన్నచోటే మనిషి ధైర్యంగా ప్రయోగం చేస్తాడు. నిమజ్జనానికి ఉన్న ధార్మికార్థంతో పాటు, సృజనకు అది కల్పించే ఈ నిర్భయత్వాన్ని కూడా గుర్తించవలసి ఉంది.

6. వలయపు హద్దులు

రూపం తెరిచి ఉన్నంత మాత్రాన వలయం అందరికీ తెరిచి ఉందని చెప్పడానికి వీలులేదు. అనేక గ్రామాలలో దళిత స్త్రీలు ఊరి నడుమ జరిగే ఆటకు దూరంగా, తమ వాడలలోనే వేరుగా ఆడవలసి వచ్చింది. వితంతువులను పక్కన ఉంచిన ఆచారమూ ఉంది. 'అందరి పండుగ' అన్న మాట వెనుక ఉన్న ఈ మినహాయింపులను దళిత స్త్రీవాద విమర్శ ప్రశ్నించింది. భాగస్వామ్య కళను అంచనా వేసేటప్పుడు 'పాల్గొనేవారు ఏమి చేయగలరు' అనే ప్రశ్నతో పాటు 'పాల్గొనడానికి ఎవరికి అనుమతి ఉంది' అనే ప్రశ్నను కూడా అడగాలి. మొదటిది రూపకల్పనకు సంబంధించినది. రెండవది సామాజిక అధికారానికి సంబంధించినది. ఒకదానికి వచ్చిన మంచి సమాధానం రెండవదానికి సమాధానం కాబోదు. గ్రామీణ బతుకమ్మను ఆదర్శంగా చూపే వ్యాసాలు తరచు ఈ తేడాను విస్మరిస్తాయి.

7. ఉద్యమ కాలం: ఖాళీలలో కొత్త విషయం

జానపద బాణీలను రాజకీయ వ్యక్తీకరణకు ఉపయోగించడం తెలంగాణలో సాయుధ పోరాట కాలం నుంచి ఉన్నదే. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమపు మలిదశలో బతుకమ్మ ఈ పాత్రను మరింత విస్తృతంగా నిర్వహించింది. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మె నడుమనే ఆ ఏటి బతుకమ్మ వచ్చింది. వంటా వార్పు వంటి నిరసన రూపాలతో పాటు రహదారుల మీద బతుకమ్మ ఆడడం ఉద్యమ దృశ్యాలలో ఒకటైంది.

ఈ మార్పును రూపకల్పన దృష్టితో చూస్తే ఒక విశేషం తేలుతుంది. ఉద్యమం బతుకమ్మ చట్రాన్ని మార్చలేదు. వలయం అలాగే ఉంది, ఊతపదం అలాగే ఉంది. చరణంలోని విషయం, ఆడే స్థలం మాత్రం మారాయి. నీళ్లు, నిధులు, నియామకాల గురించిన మాటలు ఊతపదాల నడుమ సులభంగా ఇమిడిపోయాయి. వేదికపై ఒకరు ప్రసంగించి మిగిలినవారు వినే సభకు భిన్నంగా, వచ్చిన ప్రతి స్త్రీ గొంతు కలిపే సభ ఏర్పడింది. శతాబ్దాల అలవాటు వల్ల ఎవరికీ కొత్తగా నేర్పవలసిన పని లేకపోయింది. బతుకమ్మ ఉద్యమానికి ప్రతీకగా ఉపయోగపడిందనడం పూర్తి వివరణ కాదు. పాల్గొనేవారి మాటకు దానిలో ముందే చోటు ఉండడం ఆ ప్రతీకకు బలమిచ్చింది.

8. రాష్ట్ర పండుగ, మైదానం, తెర

2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆ ఏడాదే బతుకమ్మ రాష్ట్ర పండుగ హోదా పొందింది. తంగేడు రాష్ట్ర పుష్పమైంది. ప్రభుత్వ గుర్తింపు వల్ల నిమజ్జన ఘాట్లు, దీపాలు, రక్షణ ఏర్పాట్లు మెరుగుపడ్డాయి. రాత్రివేళ బహిరంగ స్థలంలో స్త్రీలు నిస్సంకోచంగా గుమికూడే వీలు విస్తరించింది. ఒకప్పుడు ప్రాంతీయ ఆచారంగా చిన్నచూపుకు గురైన ఆట విద్యాసంస్థలలోకి, కార్యాలయాలలోకి ప్రవేశించింది. ఈ ప్రయోజనాలను తక్కువ చేసి చూడరాదు.

అదే సమయంలో పండుగను సంఖ్యతో, పరిమాణంతో కొలిచే ధోరణి బలపడింది. 2016 అక్టోబరు 8న హైదరాబాద్ లాల్ బహదూర్ మైదానంలో 9 వేలకు పైగా స్త్రీలు ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. 2021 అక్టోబరులో దుబాయిలోని బుర్జ్ ఖలీఫా భవనంపై బతుకమ్మ దృశ్యాలు వెలిగాయి. 2025 సెప్టెంబరులో సరూర్‌నగర్ మైదానంలో 60 అడుగులకు మించిన ఎత్తున బతుకమ్మను నిలిపి మళ్లీ రికార్డు సాధించారు.

ఈ మూడు సందర్భాలలో ఖాళీలకు ఏమి జరిగిందో విడివిడిగా గమనించాలి. రికార్డు కోసం వేలమంది ఆడేటప్పుడు అందరూ ఒకే అడుగును ఒకే సమయంలో వేయాలి. తేడా అక్కడ లోపంగా లెక్కకు వస్తుంది. పల్లె వలయంలో సొంత వేగం ఎవరి హక్కయినా, రికార్డు వలయంలో అది క్రమభంగం. 60 అడుగుల నిర్మాణం లోపలి చట్రం లేకుండా నిలవదు. మోసే మనిషి బలంతో దానికి సంబంధం లేదు. స్త్రీలు దాని చుట్టూ ఆడగలరు గాని దానిని తల మీద పెట్టుకుని చెరువుకు నడవలేరు. బుర్జ్ ఖలీఫా తెరపై వెలిగిన బతుకమ్మలో పాల్గొనేవారికి మిగిలిన పని చూడడం ఒక్కటే. లీజియా క్లార్క్ శిల్పాలు అద్దాల వెనుకకు చేరిన తీరు ఇక్కడ గుర్తుకు వస్తుంది.

పాట విషయంలో మార్పు మరింత ముందే మొదలైంది. క్యాసెట్లు, ఆ తరువాత సీడీలు, నేడు ధ్వనివర్ధకాల నుంచి వినిపించే రికార్డు పాటలు మంచి గొంతును, వాద్యాన్ని ప్రతి కూడలికీ తెచ్చాయి. వాటిలో ఊతపదం కూడా ముందే పాడి ఉంటుంది. ఎత్తుకునే స్త్రీకి అవసరమైన వ్యవధి ఆ పాటలో లేదు. శబ్దం పెరిగినంత మేర ఆమె గొంతు వినిపించదు. పాట నేర్చుకున్న వారి సంఖ్య పెరిగి, పాట కట్టేవారి సంఖ్య తగ్గే స్థితికి ఇది దారితీస్తుంది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ ప్రవాస తెలుగువారి మధ్య ఉంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, గల్ఫ్ దేశాలలో బతుకమ్మ ఆడేవారికి తంగేడు, గునుగు దొరకవు. అంగడిలో దొరికే చామంతులు, బంతులు, అక్కడి స్థానిక పూలతో పేరుస్తారు. చెరువుకు బదులు నీటి తొట్టెలలో విడుస్తారు. పదార్థం మారినా పేర్చే నిర్ణయం పాల్గొనేవారి చేతిలోనే ఉంది గనుక ఆట స్వభావం నిలిచింది. సంప్రదాయపు పువ్వు లేకపోవడం కంటె, ఏ పువ్వు పెట్టాలో నిర్ణయించే అవకాశం లేకపోవడమే ఈ కళకు పెద్ద నష్టమని ఈ పోలిక సూచిస్తుంది.

9. మంఖాల్ పరిసరాలు: పువ్వు, నేల, నీరు

నిర్ణయం పాల్గొనేవారి చేతిలో ఉండాలంటే దానికి ఆధారమైన వనరులు చేతికి అందాలి. తంగేడు బీడు నేలల్లో, గుట్టల వాలుల్లో, చేను గట్లపై ఎవరూ నాటకుండా పెరిగే మొక్క. పశువులు అంతగా మేయవు గనుక ఊరుమ్మడి నేలలో నిలుస్తుంది. గునుగు మెట్ట పంటల నడుమ మొలిచే కలుపు. రైతుకు పనికిరాని మొక్కలే పండుగకు ప్రధాన ద్రవ్యం కావడం గమనార్హం. వాటికి ధర లేదు. కోసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ధనిక గృహం, పేద గృహం అనే తేడా లేకుండా పెద్ద బతుకమ్మను పేర్చే వీలు దీని వల్లనే కలిగింది.

శంషాబాద్‌లో 5 వేల ఎకరాలకు పైగా విస్తరించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ ప్రాంతం మీదుగా సాగింది. శ్రీశైలం రహదారికి, పారిశ్రామిక వాడకు దగ్గరగా ఉన్న మంఖాల్ 2018లో ఏర్పడిన తుక్కుగూడ పురపాలక సంఘంలో చేరింది. పంచాయతీ గ్రామాలు పురపాలక వార్డులుగా, మెట్ట చేలు ఇళ్ల స్థలాలుగా, గోదాములుగా మారే క్రమం ఈ పరిసరాలన్నిటిలో కనిపిస్తుంది. ఈ మార్పు ఉపాధిని, రవాణాను, భూమి విలువను పెంచింది. చదును చేసి రాళ్లు పాతిన స్థలంలో తంగేడు మొలవదు. పంట వేయని నేలలో గునుగు తగ్గుతుంది. కలుపు మందు చల్లిన చేనులోనూ అది నిలవదు.

ఫలితంగా పువ్వు కొనుగోలు వస్తువైంది. నగరంలో సద్దులకు ముందు రోజులలో గుడిమల్కాపూర్ వంటి మార్కెట్లలో బంతి, చామంతులతో పాటు గునుగు, తంగేడు కట్టలు కూడా అమ్మకానికి వస్తాయి. కొనే పువ్వుతోనూ సృజన సాధ్యమే. అయితే బతుకమ్మ ఎత్తు ఇప్పుడు మోసేవారి బలంతో పాటు కొనేవారి స్తోమతను కూడా అనుసరిస్తుంది. పూల కోసం జట్టుగా చేలవెంట తిరగడం, ఏ గట్టున ఏ పువ్వు ఉందో ఎరిగి ఉండడం, రంగుల గురించి దారిలోనే ఆలోచించడం ఆటలో తొలి అంకం. ఆ అంకం రద్దయింది.

నీటి సంగతి కూడా ఇటువంటిదే. చెరువు ఒడ్డు బతుకమ్మకు చివరి వేదిక. కాలువలు పూడిపోయి, శిఖం భూములు కుదించుకుపోయిన చోట తాత్కాలిక కొలనులు ఏర్పాటు చేయవలసి వస్తోంది. హైదరాబాద్ అంబర్‌పేటలో 'బతుకమ్మ కుంట' అని పేరున్న జలాశయమే ఆక్రమణలతో రూపు కోల్పోయి, పునరుద్ధరణ తరువాత 2025లో తిరిగి ప్రారంభమైంది. పండుగ పేరు మోసిన కుంటే కనుమరుగయ్యే దాకా వచ్చి తిరిగి నీటితో నిండడం, కళారూప సంరక్షణ పర్యావరణ సంరక్షణతో ముడిపడి ఉందనడానికి నిదర్శనం. విమానాశ్రయ పరిసర గ్రామాల విషయంలో ఆ దశ రాకముందే చర్య తీసుకునే వ్యవధి ఇంకా ఉంది.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

ఒకటి: బతుకమ్మలో పాల్గొనేవారి సృజన యాదృచ్ఛికం కాదు. పేర్పులో రంగుల ఎంపిక, పాటలో ఊతపదం ఇచ్చే వ్యవధి, అడుగులో సొంత వేగం, ఏ రోజుకారోజు జరిగే నిమజ్జనం దానికి చోటు కల్పించాయి. భాగస్వామ్య కళకు చరిత్ర రాసేటప్పుడు 1959 నాటి న్యూయార్క్‌తో మొదలుపెట్టే అలవాటును ఈ ఉదాహరణ సవరించగలదు.

రెండు: పాల్గొనేవారి సంఖ్య పెరగడం, వారి సృజనకు చోటు పెరగడం వేరువేరు విషయాలు. ఉద్యమ కాలంలో రెండూ కలిసి పెరిగాయి. రికార్డుల మైదానాలలో మొదటిది పెరిగి రెండవది తగ్గింది. కాబట్టి పండుగ నిర్వహణకు సంబంధించిన నిర్ణయాలలో మూడు ప్రశ్నలు వేసుకోవడం మేలు. వచ్చిన స్త్రీ తన నిర్ణయంతో ఏదైనా మార్చగలదా? పేర్చినదానిని పేర్చినవారే మోయగలరా? ఈరోజు తప్పినది రేపు మళ్లీ ప్రయత్నించే వీలుందా? ధ్వనివర్ధకాన్ని కొంతసేపు ఆపి ఎత్తుకునే గొంతుకు చోటివ్వడం, పెద్ద బతుకమ్మతో పాటు చిన్న బతుకమ్మల వరుసకు స్థలం కేటాయించడం ఖర్చు లేని మార్గాలు.

మూడు: వలయంలోకి ప్రవేశం కులం, వైధవ్యం వంటి కారణాలతో నిరాకరించిన చరిత్రను విడిచిపెట్టి ఈ కళారూపాన్ని ఆదర్శీకరించరాదు. తెరిచిన రూపం తెరిచిన వలయంలో ఉన్నప్పుడే దాని శక్తి పూర్తిగా వ్యక్తమవుతుంది.

నాలుగు: పరిశోధకులు ఇంతవరకు పాటల పాఠాలను సేకరించినంత శ్రద్ధతో పేర్పు నిర్ణయాలను నమోదు చేయలేదు. ఒక ఇంట తొమ్మిది రోజులూ ఏ పూలు వాడారు, అవి ఎక్కడి నుంచి వచ్చాయి, రంగుల క్రమం ఎలా మారింది, పాటను ఎవరెవరు ఎత్తుకున్నారు, అప్పటికప్పుడు కట్టిన చరణాలు ఏవి అనే వివరాలు సేకరించవలసి ఉంది. చేలను, బీళ్లను, చెరువులను ఇంకా కొంత మిగుల్చుకున్న మంఖాల్ వంటి ఊళ్లు ఇందుకు అనువైన క్షేత్రాలు. చేలవెంట తిరిగి పూలు కోసిన తరం స్త్రీలు అక్కడ ఇంకా ఉన్నారు. ఏ గట్టున ఏ పువ్వు పూసేదో, ఏ కాడ ఏ వలయంలో నిలుస్తుందో చెప్పగలిగేది వారే. ఆ జ్ఞానం లిఖితం కాకముందే నేల మారిపోతే, భావి పరిశోధకులకు పాటల పుస్తకాలు, ఛాయాచిత్రాలు మిగులుతాయి గాని ఆట ఎలా తయారయ్యేదో తెలిపే ఆధారం మిగలదు.